పద్నాలుగు వందల నలభై సార్లు

నేను కాటా దగ్గర పనిచేయబట్టి ఇరవై ఆరేళ్ళయింది. మాది నరసరావుపేట నుంచి సత్తెనపల్లి వెళ్ళే రోడ్డు మీద ఊరు. ఊరి మొదట్లోనే పత్తి లారీలూ మిరపకాయల ట్రాక్టర్లూ ఎక్కి దిగే పెద్ద కాటా ఉంది. నిండు బండి ఎక్కుతుంది, తూకం రాస్తాను. సరుకు దించి ఖాళీ బండి తిరిగి వస్తుంది, ఆ తూకమూ రాస్తాను. మొదటి అంకెలోంచి రెండోది తీసేస్తే మిగిలేది సరుకు. ఖాళీ బండి తూకం తెలియకుండా ఎవరు ఎంత తొందరపెట్టినా చీటీ ఇవ్వను. చిన్న బస్తాలకైనా అంతే, గోతం బరువు తీసేసిగాని అంకె నోట పలకను. ఈ ఒక్క విషయంలో చుట్టుపక్కల నాకు కాస్త పేరుంది. ఆ పేరు నా ఇంట్లో నేనే ఎలా పోగొట్టుకున్నానో రాస్తున్నాను.

నేను చదివింది పదో తరగతి. అందులో తప్పింది లెక్కలే. ఆ కసితో తరవాత సొంతంగా నేర్చుకున్నాను. ముప్పయ్యో ఎక్కం దాకా వల్లె వేశాను. పాత పుస్తకాలు తెచ్చుకుని శాతాలూ సగటులూ సాధన చేశాను. సొంతంగా నేర్చుకున్నవాడితో ఒక చిక్కుంది. బడిలో నేర్చుకున్నవాడు బడి అయిపోగానే మర్చిపోతాడు, వీడు మర్చిపోడు. నేను బస్సెక్కితే సీట్లు లెక్కపెడతాను. పెళ్ళికి వెళితే విస్తళ్ళు లెక్కపెడతాను. ఒకసారి కోటప్పకొండ మెట్లు ఎక్కుతూ నేనూ మా ఆవిడా విడివిడిగా లెక్కపెట్టాం. పైకి చేరాక చూస్తే నాలుగు మెట్లు తేడా. ఆ తేడా ఎక్కడుందో తేల్చడానికి నేను కిందికి దిగి మళ్ళీ ఎక్కాను. ఆవిడ అసలు లెక్కే పెట్టలేదనీ, నా నోరు మూయించడానికి తోచిన అంకె చెప్పిందనీ ఇంటికి వచ్చాక తెలిసింది. ఆ రోజే నాకు బుద్ధి వచ్చి ఉండాల్సింది.

మా వీధి ఆశా కార్యకర్త నన్ను బాబాయ్ అంటుంది. రెండేళ్ళ కిందట ఆగస్టు మొదటి వారంలో, తల్లిపాల వారోత్సవాలని అంగన్‌వాడీలో మీటింగు పెడుతూ నా దగ్గరికి వచ్చింది. ఏటా ఈ మీటింగుకి ఆడవాళ్ళే వస్తారనీ, చెప్పింది విని తలలూపి వెళతారనీ, ఇంటికెళ్ళాక పాలడబ్బా కొనుక్కొచ్చేది మాత్రం మగవాళ్ళనీ చెప్పింది. తొలిచూలు ఇళ్ళల్లో అయితే మరీనట. బిడ్డ రెండుసార్లు గట్టిగా ఏడిస్తే చాలు, తండ్రి బండి తీస్తాడట. అందుకని ఈసారి ఒక మగవాడి చేత చెప్పించాలని ఆమె ఆలోచన. నా చేతిరాత బాగుంటుంది, నలుగురిలో మాట్లాడటానికి జంకను, పైగా మా అమ్మాయి అప్పుడు ఏడో నెలతో పురిటికి మా ఇంట్లోనే ఉంది. ఇన్ని అర్హతలున్నవాడు ఊళ్ళో ఇంకొకడు లేడని నేను ఒప్పుకున్నాను. ఆమె మాత్రం వేరే కారణం చెప్పింది.

"నువ్వొస్తే రిజిస్టర్లో మగాళ్ళు ఒకటి అని రాసుకుంటా బాబాయ్. నాలుగేళ్ళ నుంచీ ఆ గడిలో సున్నాయే."

నేను బోర్డు తయారుచేశాను. రోజుకు కనీసం ఎనిమిది సార్లు బిడ్డకు పాలివ్వాలని ఆశా కార్యకర్త ఇచ్చిన కాగితంలో ఉంది. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అవసరం లేదని ఉంది. ఆరు నెలలంటే నూట ఎనభై రోజులు. నూట ఎనభైని ఎనిమిదితో గుణిస్తే పద్నాలుగు వందల నలభై. ఆ అంకెను ఎర్ర చాక్‌పీసుతో రాస్తుండగా నాకు ఒళ్ళు జలదరించింది. రోజుకు ఇరవై నాలుగు గంటలు, గంటకు అరవై నిమిషాలు. రోజులో ఉండే నిమిషాలు కూడా సరిగ్గా పద్నాలుగు వందల నలభై. ఇంత గొప్ప సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదే అనుకున్నాను.

మర్నాడు ఒక్క ఫ్యాను తిరిగే గదిలో, చాపల మీద కూర్చున్న గర్భిణులకూ వాళ్ళ తల్లులకూ అత్తలకూ ఈ సంగతి పావుగంట వివరించాను. ఒక్కోసారి పాలివ్వడం అంటే ఒక నిమిషం కూడబెట్టినట్టనీ, ఆరు నెలలకు ఒక పూర్తి రోజు అవుతుందనీ ఏదో చెప్పాను. దాని అర్థమేమిటో చెబుతున్న నాకూ తెలియదు. వెనక వరసలో మా అమ్మాయి చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుంది. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ చివరిదాకా ఓపిగ్గా విని, "అయిదుగుర్ని పెంచా. ఎన్నిసార్లిచ్చానో రాసిపెట్టమని అప్పుడు ఒక్కళ్ళూ చెప్పలా" అంది. గదంతా నవ్వింది. పిల్లలు గుర్తున్నారు కదా అదే చాలని పక్కావిడ సర్దిచెప్పింది.

ఆ తరవాత ఆశా కార్యకర్త మాట్లాడింది. బోర్డు జోలికి పోలేదు. "గేదె ఈనితే ముర్రుపాలు జున్ను వండుకుని వీధంతా పంచుతారు. మనిషి ముర్రుపాలేమో మంచియ్యి కావని పిండి పారబోస్తారు. దూడకి పనికొచ్చింది పిల్లకి పనికిరాదా?" అని అడిగింది. మా ఆవిడ తల దించుకుంది. మా అమ్మాయి పుట్టినప్పుడు మా అమ్మ చెప్పిందని ఆ పాలు పిండించేసి, మూడు రోజులు తేనె నాకించింది మేమే. ఆశా కార్యకర్త ఇంకో మాట కూడా చెప్పింది. పుట్టిన మొదటి వారంలో బిడ్డ బరువు కాస్త తగ్గుతుందనీ, కంగారుపడొద్దనీ, రెండో వారానికి మళ్ళీ వస్తుందనీ. ఆ మాట నేను కూడా విన్నాను. చెవులతో విన్నాను.

అక్టోబరులో మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రి కార్డులో రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు అని రాశారు. మా ఆవిడ చేతిసంచిలో తేనెసీసా ఉందేమోనని నేను రెండుసార్లు వెతికాను. లేదు. ఆవిడ మీటింగు నాకంటే శ్రద్ధగా విన్నదని అప్పుడైనా నాకు తట్టలేదు. గంటలోపే బిడ్డకు ముర్రుపాలు పట్టారు. వరండాలో ఉన్న నేను, ఒకటి అయింది, ఇంక పద్నాలుగు వందల ముప్పై తొమ్మిది అనుకున్నాను. పైకి కూడా అన్నాను. మా అల్లుడు నన్ను కొత్తగా చూశాడు. అతను దాచేపల్లి వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. వారానికోసారి వచ్చి బిడ్డను ఎత్తుకోవడానికి భయపడి, పక్కన కూర్చుని వేలు పట్టుకుని వెళ్ళేవాడు.

ఇంటికి వచ్చిన రోజే గోడకు ఒక పెద్ద తెల్లకాగితం అంటించాను. నాలుగు గడులు. వేళ, కుడి, ఎడమ, నిమిషాలు. తండ్రిగా గదిలోకి వెళ్ళలేను కాబట్టి తలుపు బయట నిలబడి అడిగేవాణ్ణి. లోపల్నుంచి మా ఆవిడ, అమ్మాయిని అడిగి, విసుగ్గా కుడి పన్నెండు, ఎడమ తొమ్మిది అని చెప్పేది. నేను రాసేవాణ్ణి. పాలు తాగే బిడ్డను లెక్కపెట్టకూడదనీ, దిష్టి తగులుతుందనీ ఆవిడ మొత్తుకుంది. అంకెలకు దిష్టి ఉండదని నేను చెప్పాను. రెండు రోజులకోసారి మొత్తం వేసి, సగటు తీసి, అల్లుడికి ఫోన్లో పంపేవాణ్ణి. అతను బొటనవేలు బొమ్మ పంపేవాడు.

నిమిషాలతో ఆగితే ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు. అయిదో రోజు కాటా ఆఫీసు నుంచి, మచ్చు మిరపకాయలు తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటా తెచ్చాను. సబ్బుతో మూడుసార్లు తుడిచినా ఘాటు పోలేదు. పళ్ళెం దగ్గరికి వంగిన మా ఆవిడ నాలుగు తుమ్ములు తుమ్మింది. ఇంకో మూడుసార్లు తుడిచాను. పసిదాన్ని బట్ట లేకుండా ఇనప పళ్ళెంలో పెడితే చలి కొడుతుందని ఆవిడ పట్టుబట్టి, అల్లుడు తెచ్చిన మందపాటి ఉన్ని దుప్పట్లో చుట్టి పెట్టింది. మూడు కిలోల అరవై.

అయిదు రోజుల్లో నూట అరవై గ్రాములు. నేను ఆ అంకెను కాటాకి వచ్చిన ప్రతి డ్రైవరుకూ చెప్పాను. మొదటి వారంలో బరువు తగ్గుతుందని చెబుతారుగానీ, పద్ధతి ప్రకారం లెక్క రాసుకుంటూ పట్టిస్తే తగ్గదని కూడా చెప్పాను. పిడుగురాళ్ళ నుంచి వచ్చిన ఒక సున్నం లారీ డ్రైవరు తన మనవడికి కూడా ఇలాంటి కాగితం గీసిమ్మన్నాడు. గీసిచ్చాను.

ఏడో రోజు ఆశా కార్యకర్త వచ్చింది. ఆమె దగ్గర కొక్కేనికి తగిలించి తూచే స్ప్రింగు కాటా ఉంటుంది. బిడ్డ దుస్తులు తీసి, గుడ్డ ఉయ్యాల్లో పడుకోబెట్టి ఎత్తి చూసి, "రెండు ఏడొందల యాభై. పరవాలేదు" అంది. నేను నవ్వాను. ఇరవై ఆరేళ్ళ అనుభవంతో నవ్వాను. ఆమె స్ప్రింగు సాగిపోయిందనీ, నా ఎలక్ట్రానిక్ కాటాలో రెండు రోజుల కిందటే మూడు దాటిందనీ చెప్పాను. ఆమె నా చిన్న కాటా వంకా, నా గోడ కాగితం వంకా చూసింది. "అట్టనే అయ్యుంటదిలే బాబాయ్" అని తన పుస్తకంలో రెండు ఏడొందల యాభై అనే రాసుకుని వెళ్ళిపోయింది.

పదకొండో రోజు పురిటి స్నానం అయింది. ఆ మర్నాడు ఉదయం మా ఆవిడ పెరట్లో సాంబ్రాణికి నిప్పులు చేస్తోంది. బిడ్డకు అప్పుడే నీళ్ళు పోసి తుడిచారు. మా అమ్మాయే, నాన్నా ఇప్పుడు తూయి, వెచ్చగా ఉంది అని పిలిచింది. నేను పళ్ళెం ఎండలో వెచ్చబెట్టి తెచ్చాను. బిడ్డను ఒంటి మీద నూలుపోగు లేకుండా పడుకోబెట్టాం. అంకెలు కాసేపు ఊగి నిలబడ్డాయి. నేను బిడ్డను తీయించి, మళ్ళీ పెట్టించి చూశాను. అదే అంకె.

"ఎంతుంది నాన్నా?"

"రెండు ఎనిమిదొందల ఎనభై."

"మొన్న మూడు దాటిందన్నావు గదా."

"దాటింది."

మా అమ్మాయి బిడ్డను తీసుకుని గుండెలకు ఆనించుకుంది. "అంటే నా పాలు దీనికి చాలట్లేదా?"

ఆ ప్రశ్నకు తండ్రి అనేవాడు చెప్పగల మాటలు పది ఉంటాయి. నేను, "వారంలో నూట ఎనభై తగ్గింది. పుట్టినప్పటికంటే కూడా ఇరవై తక్కువ" అన్నాను. కాటా దగ్గర డ్రైవరుకి చీటీ చదివి వినిపించినట్టు చదివాను.

ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది. అంతకుముందు బిడ్డ ఏడిస్తే మా అమ్మాయి మాట్లాడుతూనే ఎత్తుకుని పాలిచ్చేది. ఆ రోజు ఎత్తుకోవడానికి ముందే దాని మొహంలో భయం కనిపించింది. భుజాలు బిగబట్టుకుని కూర్చుంది. బిడ్డ పట్టడం, వదలడం, ఏడవడం. మధ్యాహ్నం అయ్యేసరికి తల్లీబిడ్డా ఇద్దరూ ఏడుస్తున్నారు. పత్యం సరిగ్గా లేక పాలు తగ్గాయని మా ఆవిడ అంది. నీళ్ళు ఎక్కువ తాగితే పాలు పలచబడతాయని అప్పటికే చిన్న గ్లాసుతో కొలిచి ఇస్తోంది, ఆ గ్లాసు కూడా సగం చేసింది. ఇంట్లో కొలతల పిచ్చి నాకొక్కడికే లేదన్నమాట. నేను గోడ మీది కాగితం ముందు నిలబడి కుడి ఎక్కువా, ఎడమ ఎక్కువా అని కూడికలు వేస్తున్నాను. అప్పటికి నూట ముప్పై ఒక్కసారి రాసి ఉంది. ఎక్కడ తప్పు జరిగిందో ఆ కాగితంలో దొరుకుతుందని నా నమ్మకం.

ఆశా కార్యకర్తకు ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. ఆమె కాటా సాగిపోయిందని అయిదు రోజుల కిందటే అన్నవాణ్ణి, ఏ మొహంతో చేస్తాను? పల్నాటి పౌరుషమని గొప్పగా చెప్పుకుంటారు. నా వాటాకు వచ్చిన పౌరుషం ఒక స్ప్రింగు కాటా మీద ఖర్చయింది.

అల్లుడికి చేశాను. అంకెలు విన్నాక అతని గొంతు మారింది. డబ్బా పాలు పట్టిద్దాం మావయ్యా, మా ఫ్యాక్టరీ క్వార్టర్లలో చానామంది పిల్లలు అవే తాగుతున్నారు, ఏం కాలేదు అన్నాడు. అతన్ని తప్పుపట్టలేను. పన్నెండు రోజుల తండ్రి. ముప్పై మైళ్ళ దూరంలో ఉన్నాడు. బిడ్డ తరిగిపోతోందని లెక్కల మామ చెబుతున్నాడు. ఇంకేమంటాడు? మా అమ్మాయి కూడా తలుపు వెనక నుంచి, "తెచ్చెయ్యి నాన్నా. ఆకలికి ఏడుస్తంటే నేను చూడలేను" అంది.

ఊళ్ళో మందుల షాపులో కొంటే మర్యాద పోతుందని నరసరావుపేట వెళ్ళాను. ఎర్ర చాక్‌పీసుతో రాసినవాణ్ణి కదా. బస్టాండు దగ్గర నన్ను ఎవరూ ఎరగని షాపు ఎంచుకున్నాను. కౌంటర్లో ఉన్నది మా ఊరి అల్లుడు. ఆగస్టులో వాళ్ళ ఆవిడ ముందు వరస చాప మీదే కూర్చుందట. అతను డబ్బా తీసి, కాగితం చుట్టి, నా చేతికి ఇవ్వకుండా పట్టుకుని, "బాబాయ్, పద్నాలుగొందల నలభైలో ఇది ఎన్నోది?" అన్నాడు. నేను చిల్లర కోసం కూడా ఆగలేదు. డబ్బాను హెల్మెట్లో దాచి, హెల్మెట్‌ను హ్యాండిలుకు తగిలించుకుని, బండి మీద ఉత్త తలతో పది కిలోమీటర్లు వచ్చాను. తల కంటే డబ్బా ముఖ్యమనిపించింది.

ఇంటికి వచ్చేసరికి ఇంకా పొద్దుంది. మా ఆవిడ నీళ్ళు మరిగించి చల్లారబెట్టి, వెండి ఉగ్గుగిన్నె కడిగి పెట్టింది. నేను వంటగట్టు మీద డబ్బా పెట్టి దాని మీద ఉన్న ప్రతి అక్షరమూ చదివాను. నేను డబ్బా చదవకుండా వాడను. తల్లిపాలే బిడ్డకు శ్రేష్ఠమని దాని మీద పెద్ద అక్షరాలతో, గీతల మధ్య అచ్చువేసి ఉంది. అమ్మేవాడి చేత కూడా అదే మాట రాయిస్తున్నారు. నేను ఇంగ్లీషు కూడబలుక్కుని రెండుసార్లు చదివి, సరే అనుకుని మూత తీశాను. ఆ అచ్చు కూడా నన్ను ఆపలేకపోయింది.

నన్ను ఆపింది నా బొటనవేలు. డబ్బాలో ఒక చెంచా ఇచ్చారు. చెంచాకు ఇంత పొడి అని రాశారు. రాసినంత మాత్రాన నేను నమ్ముతానా? చిన్న కాటా ముందుకు లాక్కున్నాను. పళ్ళెంలో ఖాళీ ఉగ్గుగిన్నె పెట్టాను. గిన్నె బరువు కలవకుండా, అలవాటు కొద్దీ బొటనవేలితో కాటా మీది మీట నొక్కాను. గిన్నె ఉండగానే అంకె సున్నాకు వచ్చింది. ఇక పొడి వేస్తే పొడి బరువే చూపిస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా రోజుకు వందసార్లు చేసే పని అది.

వేలు మీట మీదే ఉండిపోయింది. చెంచాడు పొడికి గిన్నె బరువు తీశాను. మనవరాలికి దుప్పటి బరువు తీశానా?

ఆ అయిదో రోజు మూడు కిలోల అరవై అంటే బిడ్డ, బిడ్డను చుట్టిన దుప్పటి. ఈ రోజు రెండు ఎనిమిది వందల ఎనభై అంటే వట్టి బిడ్డ. నేను నిండు బండిని ఒకసారీ ఖాళీ బండిని ఒకసారీ తూచి, మధ్యలో సరుకు ఎవరో కాజేశారని ఇంటిల్లిపాదినీ ఏడిపించాను.

దండెం మీద ఆరేసిన దుప్పటి తెచ్చి, మడిచి పళ్ళెంలో పెట్టాను. మూడు వందల నలభై గ్రాములు. మూడు కిలోల అరవైలోంచి తీసేస్తే రెండు ఏడు వందల ఇరవై. అంటే అయిదో రోజుకు బిడ్డ నూట ఎనభై తగ్గింది, మొదటి వారంలో అందరు బిడ్డల్లాగే. అక్కణ్ణుంచి ఈ రోజుకు నూట అరవై పెరిగింది. మధ్యలో ఏడో రోజు రెండు ఏడు వందల యాభై. సాగిపోయిన స్ప్రింగుతో చూసిన ఆ అంకె ఈ రెంటి మధ్యా సరిగ్గా కూర్చుంది.

మా ఆవిడ గరిటె పట్టుకుని నన్నే చూస్తోంది. ఇలా జరిగిందని చెప్పాను. పొయ్యి కట్టేసింది. ఉగ్గుగిన్నె తుడిచి లోపల పెట్టింది. అప్పుడు అంది. "ఎవురెవురి గోతాలకో తరుగు తీత్తావు. ఇంట్లో పిల్లకి తియ్యాలని తెలవలా నీకు?"

దుప్పటి చేత్తో పట్టుకుని మా అమ్మాయి గది తలుపు దగ్గర నిలబడ్డాను. తప్పు నాదేననీ, బిడ్డ తగ్గలేదు పెరిగిందనీ, పాలు చాలుతున్నాయనీ చెప్పాను. అది నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఏ లెక్క నమ్మమంటావు నాన్నా? పొద్దున చెప్పిందా, ఇప్పుడు చెప్పేదా?"

నా అంకెను మా ఇంట్లో ఎవరైనా అనుమానించడం అదే మొదటిసారి. అనుమానించడానికి హక్కున్న మనిషే అడిగింది. బిడ్డకు ఆ పూట డబ్బా పాలు పట్టలేదు. కానీ డబ్బా గట్టు మీదే, మూత తీసి ఉంది. మా అమ్మాయి మనసు మారకపోతే ఇంకో గంటకైనా కలపాల్సిందే. పౌరుషం పక్కనపెట్టి ఫోను చేశాను.

ఆశా కార్యకర్త పొద్దు గుంకేలోపే వచ్చింది. కొక్కెం కాటా తీసి, బిడ్డను ఉయ్యాల్లో పెట్టి ఎత్తింది. ముల్లు రెండు తొమ్మిది వందలకు కాస్త ఇవతల ఆగింది. మా అమ్మాయికి చూపించి, తరవాత నా వైపు తిరిగి, "స్ప్రింగు సాగింది గదా బాబాయ్, అటూఇటూ ఉంటదేమో" అంది. నేను దుప్పటిని ఇంకా పట్టుకునే ఉన్నాను.

ఆమె నన్ను బయటికి పంపి గంటసేపు లోపల కూర్చుంది. బిడ్డ తల ఎలా ఆనించాలో, నోరు ఎంత తెరిచాక పట్టించాలో చెప్పిందట. రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతున్నావని అడిగి, సగం గ్లాసు సంగతి విని మా ఆవిడను కేకలేసిందట. దప్పికైనప్పుడల్లా తాగనివ్వమని చెప్పి పెద్ద చెంబుతో నీళ్ళు పెట్టించింది. తరవాత బయటికి వచ్చి గోడ మీది కాగితం చదివింది. లోపల్నుంచి మా అమ్మాయి గొంతు వినిపించింది. "అక్కా, ఆ నిమిషాలు నమ్మమాకు. నాన్న ఊరుకోడని నేనే ఏదో ఒకటి చెప్తన్నా."

నూట ముప్పై ఒక్క వరసలు. అన్నిటికీ సగటు తీశాను నేను. కోటప్పకొండ మెట్ల తరవాత నాకు తగిలిన రెండో దెబ్బ అది.

ఆశా కార్యకర్త నా మొహం చూసి జాలిపడినట్టుంది. లెక్కపెట్టకుండా ఉండలేకపోతే బిడ్డ రోజుకు ఎన్ని గుడ్డలు తడుపుతోందో లెక్కపెట్టమంది. ఆరు, అంతకంటే ఎక్కువ తడిపితే పాలు చాలుతున్నట్టే. తగ్గితే తనకు చెప్పాలి. అయితే ఒక షరతు. "లెక్కపెట్టేటోళ్ళే ఉతకాల బాబాయ్. అప్పుడే లెక్క తప్పు పోదు."

అలా నేను పెరట్లో బండ దగ్గర కూర్చున్నాను. నా అర్ధ శతాబ్దపు జీవితంలో నా లుంగీ నేను ఉతుక్కున్నది లేదు. మొదటి రోజు గుడ్డలు ఏడు. రెండో రోజు ఎనిమిది. ఉతికినవాణ్ణి కాబట్టి గట్టిగా చెప్పగలను. దండెం మీద ఆరేస్తుంటే పక్కింటి మరదలు గోడ మీంచి తొంగిచూసి, కాటా ఇక్కడికి మార్చావా బావా అని అడిగేది. ఏడు గుడ్డలు ఆరేసి, మా అమ్మాయికి వినపడేలా ఏడు అని చెప్పేవాణ్ణి. అంతకంటే ఏమీ అడిగేవాణ్ణి కాదు.

బిడ్డ పాలు తాగడం రెండు రోజుల్లో సర్దుకుంది. మా అమ్మాయి భయం సర్దుకోవడానికి పద్నాలుగు రోజులు పట్టింది. బిడ్డ కాస్త ఎక్కువసేపు ఏడిస్తే చాలు, చాలట్లేదేమోనమ్మా అని వాళ్ళమ్మను అడిగేది. నేను పెట్టిన అనుమానం అది. వారంలో నూట ఎనభై అని ఒక్కసారి అన్నాను. దాన్ని తుడవడానికి వంద గుడ్డలకు పైగా ఉతకాల్సి వచ్చింది. పదిహేనో రోజు ఉదయం నేను ఎనిమిది అని చెబితే లోపల్నుంచి, "అబ్బ, నాకు తెలుసులే నాన్నా" అని విసుక్కుంది. ఆ విసుగు వింటే నాకు ప్రాణం లేచివచ్చింది. కాగితం పీకేశాను. డబ్బాలో పొడి పారబోసి, కడిగి, బట్టల క్లిప్పులు వేసుకున్నాను. అది ఇప్పటికీ మా దండెం కిందే ఉంది.

ఏప్రిల్లో దాచేపల్లిలో అల్లుడి క్వార్టర్లో అన్నప్రాశన చేశారు. అంతవరకూ బిడ్డ తల్లిపాలతోనే పెరిగింది. పరమాన్నం గిన్నె పట్టుకుని మా అమ్మాయి, పద్నాలుగొందల నలభై అయినట్టేనా నాన్నా అని అడిగింది. నూట ముప్పై ఒకటి దగ్గర ఆపేశానని చెప్పాను. అది నమ్మలేదు. నా పాత పేరు అలాంటిది.

పోయిన ఆగస్టులో మళ్ళీ మీటింగు. ఆశా కార్యకర్త నన్ను బోర్డు రాయమంది, అల్లుణ్ణి కూడా తీసుకురమ్మంది. బోర్డు మీద ఈసారి మూడే అంకెలు రాశాను. మూడు అరవై, రెండు ఎనిమిది వందల ఎనభై, మూడు వందల నలభై. జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పాను. ముందు వరస పెద్దావిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. మగవాళ్ళు ఆరుగురు వచ్చారు. ఒకాయన సగంలో ఫోను మాట్లాడటానికి వెళ్ళి రాలేదు. వెళ్ళేముందు సంతకం పెట్టాడు కాబట్టి రిజిస్టర్లో ఆరే. వాళ్ళల్లో వచ్చే నెల తండ్రి కాబోయే ఒక కుర్రాడు, అయితే బరువు చూడొద్దంటారా అని అడిగాడు.

చూడమన్నాను. ప్రతిసారీ ఒకే కాటా మీద, ఒకేలాగా, ఆశా కార్యకర్త చేత చూపించమన్నాను. అంకె పైకి వచ్చినా కిందికి వచ్చినా ముందు ఆమెను అడిగి, తరవాత ఇంట్లో చెప్పమన్నాను.

"మీ కాటా మీద అయితేనో?" అన్నాడు అతను.

"నా దగ్గరికి మాత్రం రామాక" అన్నాను.

అల్లుడు లేచి ఏదో చెప్పబోయాడు. ఫోన్లో డబ్బా తెమ్మన్నది తనేనని చెప్పాలని ఇంటి దగ్గర అనుకుని వచ్చాడట. రెండు మాటలయ్యేసరికి చేతిలో ఉన్న పది నెలల పిల్ల అతని చొక్కా గుంజుతూ ఏడుపు అందుకుంది. వెనక వరసలో మా అమ్మాయి చేతులు చాపింది. బిడ్డను తీసుకుని, గోడవైపు తిరిగి కూర్చుని, చున్నీ కప్పుకుని పాలిచ్చింది. ఏడుపు ఆగింది. అల్లుడు మళ్ళీ మొదలుపెట్టాడు.

నేను తల ఎత్తి అంగన్‌వాడీ గోడ గడియారం వైపు చూశాను. అలవాటు. మా అమ్మాయి వెనక్కి తిరగనైనా తిరగలేదు.

"నాన్నా" అంది. అంతే అంది.

నేను డస్టరు తీసుకుని బోర్డు తుడవడం మొదలుపెట్టాను. తుడవాల్సినవి మూడే అంకెలు. వాళ్ళ పని అయ్యేదాకా తుడుస్తూనే ఉన్నాను.